వేడి ఏ సందు గుండా వస్తోంది?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఎండలు ముదిరేలోగా ఇంటి తలుపులూ కిటికీలూ ఒకసారి పరీక్షించుకుని, సందులు మూసుకోవాలని గత సంచికలో రెండు మాటలు రాశాము. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మందికి ఉపయోగపడగల ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. పడకగదికి పడమటి గోడలో ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఉంది. టన్నున్నర ఏసీ పెట్టినా మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా గది చల్లబడదు. గ్యాస్ సరిగానే ఉందని మెకానిక్ చెప్పారు. ఈ కిటికీ తీసేసి రెండు పొరల అద్దంతో కొత్తది పెట్టించుకోమని ఒక దుకాణం వారు అంటున్నారు. పెట్టించాలా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు చేయవలసిన పనుల్లో కిటికీ మార్చడం చిట్టచివరిది. ఆ మాట ఎందుకు అంటున్నానో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క తెలియక వేలకు వేలు ఖర్చు పెట్టుకుని, గది మాత్రం ఎప్పటిలాగే ఉక్కబోస్తుంటే బాధపడిన కుటుంబాలను నేను చూశాను.

మే నెలలో హైదరాబాదులో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు దిగంతానికి దాదాపు 36 డిగ్రీల ఎత్తులో, ఐదింటికి సుమారు 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే మీ కిటికీ నెత్తిన రెండడుగుల ఛజ్జా ఉన్నా దాని నీడ నాలుగింటికి అడుగున్నర మేర, ఐదింటికి పది అంగుళాల మేర మాత్రమే కిందికి దిగుతుంది. మిగిలిన అద్దం మీద ఎండ నేరుగా పడుతుంది. ఆ వేళలో నిర్మలమైన ఆకాశం ఉన్న రోజున పడమటి గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్లకు పైగా ఎండ పడుతుంది. మామూలు తెల్ల అద్దం అందులో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. చట్రం పోగా మీ అద్దం రెండు చదరపు మీటర్లు ఉంటుందనుకుంటే, గదిలోకి వచ్చే వేడి 800 వాట్లు దాటుతుంది. ఒక ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు పెట్టి, గది మధ్యలో సాయంత్రం దాకా వదిలేసినట్లు లెక్క. టన్నున్నర ఏసీ బయటికి లాగగలిగేది సుమారు 5,200 వాట్లు. అందులో ఆరో వంతు ఈ ఒక్క అద్దానికే సరిపోతోంది.

ఇక రెండు పొరల అద్దం సంగతి. బయట 41 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఈ తేడా వల్ల ఒంటి పొర అద్దం గుండా పారే వేడి మీ కిటికీ మొత్తానికి 190 వాట్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. రెండు పొరలు వేస్తే అది సగానికి తగ్గుతుంది, అంటే ఆదా 95 వాట్లు. నేరుగా పడే ఎండను కూడా అది కొంత తగ్గిస్తుంది గానీ, అద్దం తెల్లదే అయితే ఆ తగ్గుదల స్వల్పం. అదే కిటికీకి బయటి వైపున ఒక వెదురు తడిక వేలాడదీస్తే 800 వాట్లలో అధిక భాగం అద్దాన్ని తాకకముందే ఆగిపోతుంది. అందుకే మొదటి పని నీడ, ఆ తరువాత సందులు, ఆ పైన అద్దం.

తడికను గ్రిల్‌కు పైనా కిందా కూడా కట్టాలి. కింద కట్టకపోతే మొదటి ఈదురుగాలికే అది పక్కింటి బాల్కనీలో పడుతుంది. అపార్ట్‌మెంటు సంఘం బయట ఏదీ కట్టనివ్వకపోతే అద్దానికి ఎండను తిప్పికొట్టే ఫిల్ము అతికించవచ్చు, లేదా వెనుకవైపు తెల్లగా ఉండే మందపాటి కర్టెన్ వేయవచ్చు. అయితే కర్టెన్ వేడిని గదిలోకి వచ్చాక పట్టుకుంటుంది కాబట్టి దాని ప్రయోజనం తడికతో సమానం కాదు. ముదురు రంగు కర్టెన్ అయితే అదే వేడెక్కి గదిని వేడెక్కిస్తుంది. ఎనిమిది దాకా చల్లబడకపోవడానికి మీ పడమటి గోడ కూడా ఒక కారణం. ఇటుక గోడ సాయంత్రం తాగిన వేడిని కొన్ని గంటల తరువాత లోపలికి వదులుతుంది. బయటి గోడకు తెలుపు లేదా లేత రంగు వేయించే అవకాశం ఉంటే సంఘంలో అడిగి చూడండి.

నీడ ఏర్పాటు చేశాక సందులు చూడండి. ఫ్యాన్లు ఆపి, కిటికీలు, బయటి తలుపులు మూసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. అది ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే ప్రతి సందులోంచీ బయటి గాలి లోపలికి వస్తుంది. అప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి, కర్టెన్లు పక్కకు జరిపి, చట్రం చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ నిలువుగా లేస్తున్నంత వరకు ఫరవాలేదు. ఎక్కడ అది ఒక్కసారి గదిలోకి వంగి చెదిరిపోతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. స్లైడింగ్ కిటికీలో సాధారణంగా రెండు రెక్కలు కలిసే నడిమి పట్టీ దగ్గరా, కింది పట్టాల మూలల్లోనూ ఇలా జరుగుతుంది. పొగ అవసరం లేకుండానే చెప్పే గుర్తు మరొకటి ఉంది. చట్రానికీ గోడకూ మధ్య సున్నం మీద సన్నగా నల్లని దుమ్ముగీత కనబడితే, గాలి ఏళ్ళ తరబడి ఆ దారినే నడుస్తూ దుమ్మును అక్కడ వడకట్టి పోయిందని అర్థం. మా ఇంట్లో ఆ గీతను నేనే రెండుసార్లు తుడిచి, మరక అనుకుని ఊరుకున్నాను. మూడోసారి వేలు పెడితే చివర వేడిగాలి తగిలింది.

రెక్కల అంచుల్లో ఉండే బ్రష్ పట్టీ అరిగి నున్నగా అయిపోయి ఉంటే దానిని లాగేసి అదే వెడల్పు, అదే ఎత్తు ఉన్న కొత్త పట్టీని గాడిలోకి జొప్పించాలి. పాత ముక్క ఒకటి వెంట తీసుకుని అల్యూమినియం పని చేసేవారి దుకాణానికి వెళ్తే పొరపాటు జరగదు. చట్రానికీ గోడకూ మధ్య నెర్రెను సిలికాన్ సీలెంట్‌తో మూయాలి. సిలికాన్ మీద రంగు పట్టదు కాబట్టి, గోడకు రంగు వేయించే ఆలోచన ఉంటే యాక్రిలిక్ సీలెంట్ వాడండి. ఏసీ రాగి గొట్టాలు గోడలోంచి పోయే రంధ్రాన్ని కూడా చూడండి. అందంగా ఉండాలని దానిపై ప్లాస్టిక్ మూత బిగించి, లోపల మాత్రం ఖాళీగా వదిలేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ప్రశ్న: విజయవాడలో పదిహేనేళ్ళ కిందట కట్టుకున్న ఇల్లు. టేకు తలుపు వర్షాకాలంలో పట్టేస్తే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాము. ఇప్పుడు వేసవిలో ద్వారబంధానికీ తలుపుకూ మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. లోపలి ఏసీ గది తలుపు కింద కూడా అర అంగుళం ఖాళీ ఉంది.

జవాబు: ఇది కోస్తాలో ఇంటింటా వినబడే బాధ. కర్ర తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం ఆరి మళ్ళీ ముడుచుకుంటుంది. నిలువునా పెరగడం దాదాపు ఉండదు. ఉబ్బి ఉన్న రోజుల్లో చిత్రిక పడితే, ఆరిన తరువాత మిగిలేది మీరు చూస్తున్న సందే. పట్టేసిన తలుపును వానలు తగ్గి నెల రెండు నెలలు ఆరాక, సంక్రాంతి ప్రాంతంలో చూసి, అప్పటికీ రాసుకుంటుంటే అక్కడ మాత్రమే చిత్రిక పట్టించాలి.

అసలు చిత్రిక దాకా వెళ్ళే ముందు మడతబందులు చూడాలి. తలుపు మూసి ఎదురుగా నిలబడండి. గడియ వైపు పై మూలన సందు వెడల్పుగా ఉండి, అదే వైపు కింది మూల నేలకు గాని గడపకు గాని రాసుకుంటుంటే, తలుపు ఉబ్బలేదు, వాలింది. పై బందు మరలు వదులయ్యాయి. మర తీసి, ఆ రంధ్రంలో కర్రజిగురు రాసిన సన్నని టేకు పుల్లలు బిగుతుగా కొట్టి, ఆరిన తరువాత మరికొంచెం పొడవైన మర బిగిస్తే తలుపు తన చోటికి తాను వస్తుంది. ఈ చిన్న పనితో తీరేదానికి మంచి టేకును చెక్కేసుకోవడం నాకు ఎప్పుడు చూసినా కష్టంగానే ఉంటుంది.

మరో సంగతి. ఒక చిన్న అద్దాన్ని తలుపు కింద నేల మీద పెట్టి, రెక్క అడుగు అంచు ఎలా ఉందో చూడండి. ముందూ వెనుకా పాలిష్ మెరుస్తున్నా, అడుగున మాత్రం కర్ర పచ్చిగా, రంపం గీతలతో సహా కనబడటం మామూలు. నిలువు కమ్మీల తెగిన కొసలు అక్కడే ఉంటాయి, కర్ర తేమను అన్నిటికన్నా వేగంగా తాగేది ఆ కొసల నుంచే. తలుపు దింపినప్పుడు పై అంచుకూ అడుగు అంచుకూ రెండు పూతలు వార్నిష్ వేయిస్తే ఏటేటా ఉబ్బడం బాగా తగ్గుతుంది. దింపినప్పుడే చెదలు ఉన్నాయేమో ద్వారబంధం అడుగు భాగాన్ని తట్టి చూడండి. బోలుగా మోగితే ముందు దానికి మందు వేయించాలి.

ఇప్పుడున్న సందుకు ద్వారబంధం గాడిలో, తలుపు మూసినప్పుడు ఒత్తుకునే చోట, రబ్బరు పట్టీ అతికించండి. స్పాంజి పట్టీ చవక, కానీ త్వరగా పొడిపొడిగా రాలిపోతుంది. ఈపీడీఎం రబ్బరు పట్టీ చాలా ఏళ్ళు ఆగుతుంది. అతికించే ముందు దుమ్ము, పాత పాలిష్ పెచ్చులు తుడిచి ఆరనివ్వాలి. పట్టీ సరిగ్గా పట్టిందా లేదా అన్నది ఒక కాగితం ముక్క చెబుతుంది. దానిని సందులో పెట్టి తలుపు మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ పట్టీ ఆనడం లేదు, కొంచెం గట్టిగా పట్టుకుంటే బాగుంది.

లోపలి గదికి గడప ఉండదు కాబట్టి కింద ఖాళీ వదులుతారు. మూడడుగుల తలుపు కింద అర అంగుళం ఖాళీ అంటే 18 చదరపు అంగుళాలు, గోడలో ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు గల కన్నం పెట్టినట్లే. చల్లగాలి బరువైనది గనుక నేల మీదుగా నేరుగా ఆ దారినే పోతుంది. తలుపు అడుగున బిగించే బ్రష్ పట్టీ గాని, తలుపు మూసినప్పుడు మాత్రమే కిందికి దిగే పట్టీ గాని వేయించండి. రాత్రి నలుగురు పడుకునే గది అయితే తెల్లవారగానే తలుపులూ కిటికీలూ బార్లా తీసి గాలి మారనివ్వండి.

ప్రశ్న: విశాఖపట్నం మధురవాడలో ఇల్లు కట్టుకుంటున్నాము. సముద్రం మీది గాలి. కిటికీలకు కర్ర, అల్యూమినియం, యూపీవీసీ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) వీటిలో ఏది మంచిది? స్లైడింగా, రెక్కలు తెరుచుకునేవా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ ఊరికి అదే ముఖ్యం. తేమతో కూడిన వేడిలో ఒంటికి గాలి తగలడమే సుఖం. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో నివాస గృహాల కోసం విడుదల చేసిన ‘ఎకో నివాస్ సంహిత’లో, వేడీ తేమా కలిసిన వాతావరణంలో తెరుచుకునే భాగం ఇంటి కార్పెట్ ఏరియాలో (గోడలు పోను లోపలి నేల వైశాల్యంలో) కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలన్నారు. 900 చదరపు అడుగుల ఇంటికి, బాల్కనీ తలుపులు, వెంటిలేటర్లు కలుపుకొని, 150 చదరపు అడుగులు. ఇక్కడ లెక్కకు వచ్చేది కిటికీ పరిమాణం కాదు, తెరుచుకునే మేర. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. రెక్క తెరుచుకునే కిటికీ 90 శాతం తెరుచుకుంటుంది. పైగా మూసినప్పుడు రెక్క చుట్టూ ఉన్న రబ్బరు మీద ఒత్తుకుని బిగుసుకుంటుంది. గట్టిగా మూసుకోవడం, బార్లా తెరుచుకోవడం రెండూ కావాలంటే మీకు రెక్కల కిటికీయే తగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలిని చూసిన ఊరు కాబట్టి, పైనా మధ్యా కిందా మూడు చోట్ల పట్టే లాక్, మంచి మందం గల అద్దం ఉండేలా చూసుకోండి.

వస్తువు విషయానికి వస్తే, అల్యూమినియం వేడిని యూపీవీసీ కన్నా సుమారు వెయ్యి రెట్లు సులువుగా పారనిస్తుంది. అయితే కిటికీలో చట్రం వాటా చిన్నది, అద్దం వాటా పెద్దది గనుక ఆ వెయ్యి రెట్ల తేడా బిల్లులో కనబడదు. మీకు అసలు శత్రువు ఉప్పు. యూపీవీసీ తుప్పు పట్టదు, కానీ దానిలోని స్టీలు కడ్డీ గాల్వనైజ్ చేసినదా (జింకు పూత ఉన్నదా) కాదా అని అడిగి, కోసిన ముక్క కళ్ళతో చూసి తీసుకోండి. బందులు, మరలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. 304 గ్రేడు సముద్రపు గాలికి మచ్చలు పడుతుంది. కర్ర ఇష్టమైతే మానుకోవలసిన పని లేదు, ఏటా పూత వేసే ఓపిక ఉంటే అది చాలా కాలం మన్నుతుంది. కొత్త ఇల్లు కాబట్టి పడమటి గోడలో కిటికీలు చిన్నవిగా పెట్టి, పెద్దవాటిని సముద్రపు గాలి వచ్చే దిక్కుకు, దానికి ఎదురు గోడకు ఇవ్వండి. ఈ ఒక్క నిర్ణయానికి మీ చేతి నుంచి రూపాయి ఖర్చు కాదు.

ఎక్కడైనా స్లైడింగ్ పెట్టక తప్పకపోతే, కింది పట్టాలో బయటి వైపుకు ఉండే చిన్న నీటి రంధ్రాలను గుర్తు పెట్టుకోండి. ఏటా వానలకు ముందు ఒక గ్లాసు నీళ్ళు పట్టాలో పోసి, బయటికి పోతున్నాయో లేదో చూడాలి. నిలిచిపోతే పుల్లతో మట్టి తీయాలి. నీళ్ళు కారుతున్నాయని ఆ రంధ్రాలనే సీలెంట్‌తో మూసేసేవారు ఉన్నారు. అప్పుడు వాన నీరంతా గదిలోకి వస్తుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉంటాము, ఏసీ లేదు, కూలర్ ఉంది. మీరు చెప్పినట్లు కిటికీలన్నీ బిగించి మూశాము. అయినా గదిలో జిగటగా ఉంటోంది.

జవాబు: కూలర్‌కు ఆ పద్ధతి వర్తించదు. కూలర్ బయటి పొడిగాలిని తీసుకుని, తడిపి, చల్లబరచి లోపలికి నెడుతుంది. లోపలికి వచ్చినంత గాలి బయటికి పోయే దారి లేకపోతే తేమ పేరుకుంటుంది, అదే మీరు చెప్పిన జిగట. కూలర్‌ను కిటికీ బయట ఉంచి, దానికి ఎదురు గోడలో కిటికీ గాని తలుపు గాని తెరిచి ఉంచండి. కూలర్ నడవని వేళ మాత్రం, బయట ఇంట్లో కంటే వేడిగా ఉన్నంత సేపూ మూసి ఉంచి, పొద్దుగూకి బయట చల్లబడగానే తెరవండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాము. ఇల్లు పాతది. చలికాలంలో కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి, పక్కన కూర్చుంటే చలిగాలి తగులుతోంది. హీటింగ్ బిల్లు చూస్తే భయమేస్తోంది.

జవాబు: ముందు ఆ నీళ్ళు ఏ వైపున ఉన్నాయో వేలితో తుడిచి చూడండి. గది వైపున తుడుచుకుపోతే అది ఇంట్లోని తేమే. మన వంటలో అన్నం, పప్పు, సాంబారు అన్నీ ఆవిరి వదిలేవే. ఆ ఆవిరి చల్లని అద్దానికి తగిలి నీరవుతుంది. వంట చేసేటప్పుడూ, స్నానం తరువాత కొంత సేపూ గాలిని బయటికి పంపే ఫ్యాన్ వేయండి, తడి బట్టలు గదిలో ఆరవేయకండి. రెండు అద్దాల మధ్య మంచులా కనబడి తుడిచినా పోకపోతే వాటి సీలు పోయిందన్నమాట. చట్రం బాగుంటే అద్దాల జత మాత్రం మార్చవచ్చు.

చలిగాలికి రెక్కల చుట్టూ పట్టీలు, చలికాలం వరకు అతికించి తరువాత తీసేయగల మెత్తని సీలెంట్, హెయిర్ డ్రయ్యర్‌తో బిగుసుకునే పారదర్శక ఫిల్ము అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. ఎండ విషయంలో మన అలవాటును అక్కడ తిరగేయాలి. దక్షిణం వైపు కర్టెన్లు పగలు తెరిచి, పొద్దుగూకగానే మూయాలి. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే కిటికీల పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. మనవలు ఉన్న ఇంట్లో దానిని గీకడం, రాపిడి పట్టడం మీరు చేయకూడదు, శిక్షణ ఉన్నవారితో చేయించాలి. కొత్త కిటికీ కొనే పక్షంలో దాని మీద ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ (కిటికీల పనితీరుకు అంకెలు ఇచ్చే అక్కడి సంస్థ) చీటీ చూడండి. కిటికీ గుండా వేడి ఎంత సులువుగా పారుతుందో చెప్పే యూ విలువ అక్కడ 0.30 అని ఉంటే మన దేశపు కొలతలో అది దాదాపు 1.7. రెండు దేశాల అంకెలనూ నేరుగా పోల్చి పొరబడవద్దు.

ప్రశ్న: గుంటూరులో అద్దె ఇల్లు. స్నానాల గది వెంటిలేటర్ నుంచి దోమలు, వేడిగాలి వస్తున్నాయని అట్టముక్క పెట్టి మూశాము. లోపల గ్యాస్ గీజర్ ఉంది. మీరు సందులన్నీ మూయమన్నారు కదా, ఇది సరైనదేనా?

జవాబు: ఈ ఉత్తరం చదవగానే ఆందోళన కలిగింది. మూయవలసిన సందుల్లో అది ఒకటి కాదు. ఈ సంచిక చేతికి అందిన వెంటనే ఆ అట్ట తీసేయండి, తీసే వరకు ఎవరూ ఆ గీజర్ వెలిగించవద్దు. మంట మండటానికి గాలి కావాలి. చాలినంత గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానం చేస్తున్న మనిషి తల తిరుగుతోందని గ్రహించేలోగా స్పృహ తప్పవచ్చు. దోమలకు వెంటిలేటర్‌కు జాలీ కొట్టించండి, కానీ దానిని తరచు తుడవండి, ఎందుకంటే దుమ్ముతో పూడిన జాలీ కూడా అట్టముక్కతో సమానమే. అంతకన్నా మంచిది, గీజర్‌ను ఆరుబయట గోడకు మార్చి, వేడినీళ్ళ గొట్టం మాత్రం లోపలికి తెచ్చుకోవడం. ఇంటి యజమానితో ఈ వారమే మాట్లాడండి. వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉన్నవారు కూడా అక్కడి వెంటిలేటర్‌ను, సిలిండర్ ఉన్న చోట నేలకు దగ్గరగా ఉన్న గాలి రంధ్రాన్ని ఎప్పుడూ మూయవద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే కిందనే పరుచుకుంటుంది, అది బయటికి పోవలసింది ఆ కింది రంధ్రం గుండానే.